మా పేట పెద్దాయన

భోగిమంట పొగ ఇటు తిరిగింది, అందరూ ఈ పక్కకు జరిగి కూచోండి. పాత చాపలు కాలేటప్పుడు కళ్లు మండుతాయి. తలంట్లకు ఇంకా టైముంది, మీ అమ్మలు కేకేసే లోపల ఒక ముచ్చట చెబుతా. నిన్న సాయంత్రం టీ.నగర్ పోయి పండగ బట్టలు తెచ్చుకున్నారు కదా, ఆ ‘టీ’ అన్న పేరు ఎవరిదిరా అని అడిగితే ఒక్కడూ నోరు మెదపలేదు. మన పెద్దపిల్ల మాత్రం త్యాగరాజ స్వామిది అన్నది. పాట నేర్చుకునే పిల్ల కాబట్టి దానికి ఆయనే గుర్తొచ్చినాడు. పరవాలేదమ్మా, ఈ ఊళ్లో పెద్దవాళ్లు కూడా చాలామంది అట్లాగే అనుకుంటారు. కాని ఆ పేరు మన పేట పెద్దాయనది. తెలుగు మాట్లాడే నేతవాళ్ల కుటుంబంలో పుట్టి, ఈ చెన్నపట్నం కార్పొరేషన్లో 40 ఏళ్లు పనిచేసిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిది.

నేను పుట్టేనాటికే ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు చెప్పేదాంట్లో కొంత మా తాత నోట విన్నది, కొంత నేను పెద్దయినాక పుస్తకాలు తిరగేసి సరిచూసుకున్నది. మా తాత మగ్గం మీద కూచునే ఈ కథలన్నీ చెప్పేవాడు. ఆయన చెయ్యి ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు. త్యాగరాయ చెట్టి పేరెత్తితే మాత్రం ఒక్క క్షణం నాడె ఆపి, ‘పెద్దాయన’ అని, మళ్లీ పనిలో పడేవాడు. మా ఇంట్లో ఆ మాటకు ఇంకెవరూ అర్థం కారు.

ఆయన పుట్టింది 1852లో. దేవాంగుల ఇల్లు, డబ్బున్న ఇల్లు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి 1876లో బి.ఏ. పాసయినాడు. ఆ కాలంలో బి.ఏ. చదివినవాడు కావాలంటే దొరల కచేరీలో మంచి ఉద్యోగం చూసుకుని, సాయంత్రానికి గుర్రబ్బండిలో ఇంటికి రావచ్చు. ఈయన ఆ దారి పట్టలేదు. వ్యాపారం చూసుకుంటూ ఊరి పనుల్లో దిగినాడు. 1882లో కార్పొరేషన్లో సభ్యుడైనాడు. అప్పటినుంచి 1922 దాకా ఆ ఊరి పెత్తనం వదల్లేదు. పెత్తనం అంటే ఇప్పుడు మీరు టీవీలో చూసే పెత్తనం అనుకోవద్దు. ఏ వీధిలో కొళాయి లేదు, ఏ సందులో దీపం వెలగలేదు, ఎక్కడ కాలువ పొంగింది, ఏ బడికి కప్పు కారుతోంది, ఇవీ ఆ పెత్తనంలో ఉండేవి.

ముందు మన పేట సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన మీకు అర్థం కాడు. మనం చాకలిపేట అంటాం, అరవంలో వణ్ణారపేట అంటారు. కుంపిణీ దొరలు ఇక్కడి నేతబట్ట కొని ఓడలకెక్కించే రోజుల్లో, ఆ బట్టను ఉతికి తెల్లగా చేసేవాళ్లను తెచ్చి ఇక్కడ పెట్టినారు. ఉతికేవాళ్లు ఒక వైపు, నేసేవాళ్లు ఒక వైపు, అద్దకం వాళ్లు ఒక వైపు. పేటంతా బట్ట మీదే బతికింది. తర్వాత సీమనుంచి మిల్లుబట్ట దిగింది. చవక బట్ట, నున్నటి బట్ట. మగ్గాలు ఒక్కొక్కటే మూలపడినాయి. మా ముత్తాత తరంలో ఎంతోమంది మగ్గం అమ్ముకుని హార్బరులో మూటలు మోసేదానికి పోయినారని మా తాత చెప్పేవాడు.

ఆ టైములో త్యాగరాయ చెట్టి ఏం చేసినాడంటే, ఇక్కడే ఒక నేత ఫ్యాక్టరీ పెట్టినాడు. అందరూ ఒక కప్పు కింద కూచుని నేసే చోటు, వంద మగ్గాల దాకా ఉండేవని ప్రతీతి. పిట్టి వారి ఫ్యాక్టరీ అనేవాళ్లు. అక్కడ పాత గుంటమగ్గాల స్థానంలో తాడు లాగితే నాడె పరుగెత్తే మగ్గాలు, అవే ఫ్లై షటిల్ మగ్గాలు, పెట్టి చూసినాడు. మీకు ఇందులో ఏం గొప్పుందో తెలియదు, చెబుతా. పాత మగ్గంలో నేతగాడు గుంటలో కాళ్లు పెట్టి కూచుంటాడు. కాలితో తొక్కితే పడుగు రెండుగా విడిపోతుంది. ఆ సందులోనుంచి కుడిచేత్తో నాడె విసురుతాడు, ఎడమచేత్తో పట్టుకుంటాడు. పలకతో ఒక దెబ్బ. మళ్లీ ఎడమచేత్తో విసురుతాడు, కుడిచేత్తో పట్టుకుంటాడు. ఇంకో దెబ్బ. అంటే బట్ట వెడల్పు ఎంతుండాలి? మనిషి రెండు చేతులు ఎంత చాస్తే అంతే. అంతకంటే వెడల్పు నేయాలంటే పక్కన ఇంకో మనిషి కూచోవాలి. కొత్త మగ్గంలో రెండు వైపులా రెండు చెక్కపెట్టెలు, నడుమ ఒక తాడు. తాడు గుంజితే నాడె ఈ పెట్టెలోనుంచి ఆ పెట్టెలోకి దానంతటదే దూసుకుపోతుంది. ఒక చెయ్యి ఖాళీ అయింది, బట్ట వెడల్పయింది, రోజుకు నేసే గజాలు పెరిగినాయి. ఎవరూ నేర్పకుండా నేతగాడు దాన్ని నమ్మడు. చెడిపోతే ఏం తినాలి? నష్టమొస్తే నేను భరిస్తా, మీరు నేయండి అని చెప్పగల డబ్బున్నవాడు ముందుకు రావాలి. ఆయన వచ్చినాడు. మా తాత నేర్చుకున్న మగ్గం ఆ రకందే.

అందుకే నేను ఆయన్ను ముందు మగ్గం దగ్గర చూపించి, తర్వాత రిపన్ బిల్డింగుకు, అదే కార్పొరేషన్ ఆఫీసుకు, తీసుకుపోతా. పుస్తకాల్లో అందరూ ముందు ఆయన జస్టిస్ పార్టీ సంగతి చెబుతారు.

మన కార్పొరేషన్ దేశంలోనే పాతది, 1688లో పుట్టింది. కాని రెండు వందల ఏళ్లు అది దొరల ఇల్లే. తర్వాత పన్నుకట్టే కొందరికి ఓటిచ్చి, ఊరివాళ్లను సభ్యులుగా రానిచ్చినారు. పైన అధ్యక్షుడు మాత్రం సర్కారు పెట్టిన దొరే. త్యాగరాయ చెట్టి అందులో అడుగుపెట్టిన నాటికి ఊరి సంగతి వినండి. రెడ్‌హిల్స్ చెరువు నీళ్లు తెరిచిన కాలువలో కిల్పాకు దాకా వచ్చేవి. వడగట్టడం లేదు, ఏమీ లేదు, వచ్చిన నీళ్లు వచ్చినట్టు ఊళ్లోకి. ఎండాకాలం వస్తే కలరా. ట్రాము లేదు. కరెంటు లేదు. ఆయన సభ్యుడుగా ఉన్న కాలంలోనే, 1895లో కరెంటు ట్రాములు నడిచినాయి. 1913లో రిపన్ బిల్డింగు తెరిచినారు. 1914లో కిల్పాకులో నీళ్లు వడగట్టే ఇసుక తొట్లు వచ్చినాయి.

ఇవన్నీ ఆయనొక్కడే చేసినాడని నేను అనను. నీళ్ల పని ఇంజనీరు మేడ్లీది. మాంబలంలో మేడ్లీ రోడ్డు ఉంది చూడండి, ఆ మేడ్లీ. దొర అధ్యక్షుల సంతకాలూ ఉన్నాయి. కాని అధ్యక్షులు రెండేళ్లకో మూడేళ్లకో మారిపోయేవాళ్లు. వచ్చిన దొరకు ఏ పేట ఎక్కడుందో తెలిసేసరికి ఆయనకు బదిలీ అయ్యేది. ఊరి కష్టం తెలిసినవాడు ఒకడు కదలకుండా ఆ బల్ల ముందు కూచుని, పోయినసారి ఏమన్నారు, ఆ పని ఎందాకా వచ్చింది అని అడుగుతూ ఉండాలి. ఆ పని 40 ఏళ్లు చేయడం నా దృష్టిలో ఒక రాజ్యం ఏలడం కన్నా కష్టం. చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు. కాలువ బాగుంటే ఎవరూ గుర్తుపెట్టుకోరు, పొంగితే అందరూ తిడతారు.

ఆయన వేషం గురించి చెప్పాలి. తెల్ల పంచె, తెల్ల కోటు, తెల్ల తలపాగా. ఎప్పుడూ అదే. లండన్ నుంచి యువరాజు మద్రాసు వచ్చినప్పుడు, స్వాగతానికి పోయేవాళ్లు దర్బారు దుస్తులు వేసుకోవాలన్నారట. ఈయన నాకు ఈ తెల్లబట్టలే దర్బారు దుస్తులు, వీటితో రానిస్తే వస్తా అన్నాడట. రానిచ్చినారు. అరవవాళ్లు ఆయన్ను ఈనాటికీ ‘వెళ్ళుడై వేందర్’ అంటారు, తెల్లబట్టల రాజు అని. నేతవాడికి బట్ట మీద పంతం ఉండటంలో వింతేముంది? సర్కారు ఆయనకు సర్ బిరుదు ఇచ్చినా ఆ పంచె మారలేదు.

ఇప్పుడు పార్టీ సంగతి. డాక్టర్ టి.ఎం.నాయర్ అని ఒకాయన, మలయాళీ, పేరున్న డాక్టరు. ఆయనా కార్పొరేషన్లో సభ్యుడే. వీళ్లిద్దరికీ కార్పొరేషన్లో పడేది కాదు. ఒకరు ఔనంటే ఒకరు కాదనేవాళ్లు. తిరువల్లిక్కేణి కోనేటి విషయంలో ఇద్దరికీ పెద్ద తగాదా అయింది. అట్లాంటి ఇద్దరినీ మూడో ఆయన, డాక్టర్ సి.నటేశ మొదలియార్, కూర్చి ఒకచోట కలిపినాడు. ఎందుకంటే ముగ్గురి బాధా ఒకటే. అప్పట్లో పై చదువుల్లో, సర్కారు ఉద్యోగాల్లో, పెద్ద పదవుల్లో ఒక వర్గం వాళ్లే నిండి ఉండేవాళ్లు. మిగతా కులాల పిల్లలకు చోటు దొరికేది కాదు. 1916 నవంబరు 20న అందరూ కలిసి సంఘం పెట్టినారు. దాన్నే తర్వాత జనం జస్టిస్ పార్టీ అన్నారు, వాళ్ల ఇంగ్లీషు పత్రిక పేరు మీద. ఆ పత్రిక 1917 ఫిబ్రవరిలో మొదలైంది. అరవంలో ‘ద్రావిడన్’, మన తెలుగులో ‘ఆంధ్రప్రకాశిక’. మూడు భాషల్లో మూడు పత్రికలు.

త్యాగరాయ చెట్టి ఒక పెద్ద గుడికి కుంభాభిషేకం కోసం పదివేలు ఇచ్చి, ఆ రోజు వేదిక మీదికి రాబోతే రానివ్వలేదని, ఆ అవమానమే ఆయన్ను ఇటు తిప్పిందని మా పేటలో చెప్పుకునేవాళ్లు. నేను మా తాతను అడిగితే, ‘ఇచ్చిన చెయ్యి కిందనే ఉండాలన్నారు, అది ఆయనకు నచ్చలేదు’ అన్నాడు, అంతే. ఇంకేమీ చెప్పలేదు. మా తాత దేవుణ్ణి మొక్కేవాడే, త్యాగరాయ చెట్టి కూడా నాస్తికుడు కాదు. గుడి కావాలి, గౌరవమూ కావాలి అన్నాడు.

మా పెదతాత మాత్రం ఆయన పార్టీ వైపు లేడు. గాంధీ గారి మాట విని రాట్నం పట్టిన మనిషి. జస్టిస్ పార్టీవాళ్లు దొరలతో కలిసి నడుస్తున్నారని ఆయనకు కోపం. ఆ కోపానికి అర్థం లేకపోలేదు. దేశం కోసం మనుషులు జైలుకు పోతున్నప్పుడు వీళ్లు కౌన్సిలులో కుర్చీల్లో కూచున్నారు, అది నిజం. అన్నదమ్ములిద్దరూ ఒకే పంక్తిలో కూచుని తింటూ దీనిమీద వాదించుకునేవాళ్లట. కాని త్యాగరాయ చెట్టి కార్పొరేషన్లో చేసిన పని గురించి మా పెదతాత ఒక్కనాడూ ఒక మాట అనలేదట. కొళాయికి పార్టీ లేదనేవాడట. నాకు ఈ మాట చాలా ఇష్టం. ఒక మనిషి నడిచిన దారి నచ్చకపోయినా, ఆయన తవ్విన బావి నీళ్లు తాగి దణ్ణం పెట్టుకునే మర్యాద ఆ తరంలో ఉండేది.

1920లో మద్రాసు రాష్ట్రానికి మొదటి ఎన్నికలు జరిగినాయి. కాంగ్రెసు వాళ్లు పోటీ చేయలేదు. 98 సీట్లలో 63 జస్టిస్ పార్టీకి వచ్చినాయి. గవర్నర్ విల్లింగ్డన్ త్యాగరాయ చెట్టిని పిలిచి మంత్రివర్గం ఏర్పాటు చేయమన్నాడు. అంటే ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి. అప్పటి రాష్ట్రం అంటే ఇటు అరవదేశం, అటు మన కోస్తా, రాయలసీమ, పైన గంజాం, పడమర మలబారు, అంతా కలిపి. అంత రాజ్యం ఇస్తామంటే ఆయన వద్దన్నాడు! ఆ పదవికి సుబ్బరాయులు రెడ్డియార్ పోయినాడు. ఆ తర్వాత మన కాళహస్తిలో పుట్టిన పానుగంటి రామారాయణింగారు, పానగల్ రాజా, ఎక్కినాడు. ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది, ఉద్యోగాల్లో అన్ని వర్గాలకూ వాటా అని ఉత్తర్వు తెచ్చింది, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది, అన్నీ ఆ పార్టీ ఏలుబడిలోనే. పెద్దాయన పార్టీకి అధ్యక్షుడుగా ఉండిపోయి, తాను కార్పొరేషన్ కుర్చీలోనే కొనసాగినాడు. ఓట్లతో ఎన్నికైన మొదటి అధ్యక్షుడు ఆయనే. ఇప్పుడు మేయరంటారే, ఆ పేరు 1933లో వచ్చింది, అంతకుముందు అధ్యక్షుడే.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు సంగతికి వచ్చినా. కాళ్లు తిమ్మిరెక్కితే లేచి కూచోండి, కాని ఇది వినకుండా పోవద్దు.

థౌజండ్ లైట్స్ తెలుసు కదా, మౌంట్ రోడ్డులో మసీదు ఉన్న చోటు. అక్కడ ఒక కార్పొరేషన్ బడి ఉండేది. చుట్టుపక్కల కూలినాలి చేసుకునేవాళ్ల పిల్లలు చదివే బడి. రిజిస్టరులో పేర్లుంటాయి, బెంచీ మీద పిల్లలుండరు. ఎందుకుండరు? ఇంట్లో పొద్దున పొయ్యి వెలగదు. ఖాళీ కడుపుతో పిల్లవాడు అఆలు దిద్దుతాడా, ఎక్కడైనా నాలుగు డబ్బులు దొరికే పనికి పోతాడా? 1920 సెప్టెంబరు 16న కార్పొరేషన్ సమావేశంలో ఈ విషయం వచ్చింది. త్యాగరాయ చెట్టి అధ్యక్షుడు. పిల్లలు చాలా పేదవాళ్లు, అందుకే బడిలో సంఖ్య నిలవడం లేదని ఆయన వివరించినాడు. వాళ్లకు బడిలోనే టిఫిన్ పెట్టాలని తీర్మానం చేసినారు. ఒక్కో పిల్లవాడికి రోజుకు ఒక అణాకు మించకుండా ఖర్చు. అణా అంటే రూపాయిలో 16వ వంతు.

అంతే. పెద్ద ఉపన్యాసాలేమీ లేవు. ఒక బడి, ఒక అణా, ఒక టిఫిన్. తర్వాత ఇంకొన్ని బడులకు పెంచినారు, పిల్లల సంఖ్య పెరిగింది. 1925లో పైనున్న సర్కారు, ప్రాథమిక విద్య డబ్బు తిండికి ఖర్చుపెట్టకూడదని అడ్డం చెప్పింది. టిఫిన్ ఆగిపోయింది. హెడ్మాస్టర్లు ఊరుకోలేదు, మళ్లీ పెట్టండి అని రాసినారు. మళ్లీ మొదలైంది. ఆ హెడ్మాస్టర్ల పేర్లు నాకు దొరికితే వాళ్లకు కూడా దణ్ణం పెడతా. తిండి పెట్టడం చదువులో భాగమా కాదా అని ఫైళ్లలో వాదించేవాళ్లకు తెలియని సంగతి, రోజూ పిల్లల మొహాలు చూసేవాళ్లకు తెలుసు.

ఆ తర్వాత 1956లో కామరాజ్ రాష్ట్రమంతా బడుల్లో మధ్యాహ్నం అన్నం మొదలుపెట్టినాడు. 1982లో ఎం.జి.ఆర్. దాన్ని ఇంకా పెద్దది చేసినాడు. 2001లో సుప్రీంకోర్టు దేశమంతా పెట్టాలన్నది. 2003 నుంచి అక్కడ మన ఆంధ్ర బడుల్లో, ఇప్పటి తెలంగాణ బడుల్లో కూడా మధ్యాహ్న భోజనం నడుస్తోంది. మీ నెల్లూరు అత్త కొడుకు బళ్లో అన్నం తిని వచ్చినానని ఫోన్లో చెబుతాడే, అదే. ఇక 2022 సెప్టెంబరు 15 నుంచి ఇక్కడ సర్కారు బడుల్లో పొద్దున టిఫిన్ కూడా పెడుతున్నారు. ఉప్మా, పొంగలి, కిచిడీ. 1920లో ఆయన పెట్టించిందీ టిఫినే కదా. చూడండి, నూరేళ్లు తిరిగేసరికి ఆ పొయ్యి మళ్లీ వెలిగింది. తమిళ సర్కారు వాళ్లు ఆ పాత తీర్మానాన్ని గుర్తుచేసుకున్నారు, అందుకు నాకు చాలా సంతోషం.

1925లో ఆయన పోయినాడు. అప్పుడు ఊరి దక్షిణాన మాంబలం దగ్గర పెద్ద చెరువు ఉండేది. మైలాపూరు నుంచి నుంగంబాకం దాకా పొడుగాటి చెరువు. దాన్ని 1923 నుంచి ఎండగట్టి, పూడ్చి, కొత్త పేట కడుతున్నారు. పడమటి మాంబలంలో లేక్ వ్యూ రోడ్డు అని ఇప్పటికీ ఉంది, అక్కడ నిలబడితే ఒకప్పుడు చెరువు కనబడేదన్నమాట. ఆ కొత్త పేటకు త్యాగరాయ నగర్ అని పేరు పెట్టినారు. వీధులకు కూడా ఆయన తోటివాళ్ల పేర్లే. నడుమ పానగల్ పార్కు. ఉస్మాన్ రోడ్డు, జి.ఎన్. చెట్టి రోడ్డు, తణికాచలం రోడ్డు, బజుల్లా రోడ్డు, నటేశన్ పేర పార్కు. కార్పొరేషన్లో ఆయనతో జగడమాడిన డాక్టర్ నాయర్ పేర కూడా అక్కడే ఒక రోడ్డుంది. ఆ పేటలో నడిస్తే ఆ కాలంలో ఒక బల్ల చుట్టూ కూచున్నవాళ్లందరినీ పలకరించినట్టే.

మన తెలుగువాళ్లకు ఆ నగర్ ఎంత ఆశ్రయమిచ్చిందో చెప్పలేను. చిత్తూరు నాగయ్య గారు అక్కడే వాణీమహల్ కట్టించినాడు. ఎన్టీఆర్ ఇల్లు బజుల్లా రోడ్డులో. తిరుపతి కొండకు పోయిన యాత్రికుల బస్సులు అట్నుంచి నేరుగా మద్రాసు వచ్చి ఆ ఇంటి ముందు ఆగేవి. పొద్దున్నే ఆయన బయటికి వచ్చి దణ్ణం పెట్టేవాడు. నేను ఒకసారి ఆ గుంపులో నిలబడి చూసినా. పల్నాడు నుంచి వచ్చిన ఒక ముసలమ్మను, అమ్మా, ఈ పేటకు పెట్టిన పేరు ఎవరిదో తెలుసా అని అడిగినా. తెలియదన్నది. మన నేతాయనదే అని చెబితే, ‘అట్నా నాయనా!’ అని ఆశ్చర్యపోయి చీర కొంగు సర్దుకుని మళ్లీ ఆ రోడ్డువైపు ఒకసారి చూసింది.

అయితే నాకు ఒక బాధ ఉంది, మీకు చెప్పుకుంటా. ఆయన బతికింది, పనిచేసింది మన ఉత్తరపు వైపు. మగ్గాలు, హార్బరు, ఉప్పు, చేపలు, వావిళ్ల వారి అచ్చాపీసు ఉన్న ఈ తండయార్‌పేట, చాకలిపేట. ఆయన పేరు పోయి నగల కొట్లు, పట్టుచీరల కొట్లు ఉన్న దక్షిణపు పేటలో కూచుంది. రంగనాథన్ వీధిలో పండగ ముందు అడుగు తీసి అడుగు పెట్టే సందుండదు, ఆ తొక్కిసలాటలో పొడి అక్షరంగా మిగిలిన ఆ పేరును ఎవరు తలుచుకుంటారు? గౌరవం చేసినారు, కాదనను. పెద్ద గౌరవమే, ఇంత పెద్ద పేట ఎవరికి దక్కుతుంది! కాని పూర్తి పేరు పలికితే బాగుండేది. బస్సు మీద కూడా పొట్టి అక్షరమే. మీరన్నా ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు త్యాగరాయ నగర్ అనండి. నోరేం నొప్పి పుట్టదు.

మన వైపు మిగిలింది కాలేజీ. సర్ త్యాగరాయ కాలేజీ, పాత చాకలిపేటలో, 1950లో కాలేజీ అయింది. మా తమ్ముడు చదివింది అక్కడే. మన పేటలో మగ్గాలవాళ్ల ఇళ్లల్లో మొదటి డిగ్రీ ఎక్కడిది అని అడిగితే చాలా ఇళ్లల్లో ఆ కాలేజీ పేరే చెబుతారు. 2021లో మెట్రో మన దాకా వచ్చినప్పుడు స్టేషనుకు కూడా ఆ కాలేజీ పేరే పెట్టినారు. ఆ బోర్డు మీద పేరు పూర్తిగా ఉంది. మొదటిసారి ఆ రైల్లో కూచున్నప్పుడు, తలుపు తెరుచుకునే ముందు మైకులో ఆ పేరు వినబడేసరికి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. మగ్గం దగ్గర మా తాత మెల్లిగా చెప్పుకున్న పేరు, ఇప్పుడు ప్రతి పది నిమిషాలకూ పేటంతా వినేటట్టు చెబుతున్నారు.

విగ్రహం రిపన్ బిల్డింగు ముందర ఉంది, మంటపం కింద. సెంట్రల్ స్టేషను పక్కనే. బెజవాడ నుంచి పినాకినిలో వచ్చేవాళ్లు, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు, ఆస్పత్రులకు వచ్చే నెల్లూరు, ఒంగోలు వాళ్లు, అందరూ రైలు దిగి రోడ్డెక్కితే ఆ తెల్లటి కట్టడం కనబడుతుంది. ఆవరణలో ఉన్న ఆయన దగ్గరికి ఎంతమంది పోతారు? ఆటో బేరమాడుకుని పోతారు. వాళ్ల తప్పు కాదు, చెప్పేవాళ్లు లేరు. అందుకే మీకు చెబుతున్నా.

నాకు ఒక కోరిక ఉంది. పొద్దున టిఫిన్ పెట్టే ప్రతి కార్పొరేషన్ బడిలో, పిల్లలు కూచుని తినే చోట, ఆయన పటం ఒకటి ఉండాలి. కింద అరవంలో, తెలుగులో నాలుగు మాటలు. ఎవరు, ఏ ఏడు, ఎంత ఖర్చుతో మొదలుపెట్టినాడు, ఇంతే రాయాలి. పొగడ్తలు వద్దు. నేను ఒక కాగితం రాసిపెట్టినా, మన వార్డు కౌన్సిలరు గారికి ఇద్దామని. నా చేతిరాత వంకర పోతోంది, మన పెద్దపిల్ల దాన్ని అందంగా తిరగరాసిస్తే చాలు. పేట పెద్దల చేత సంతకాలు నేను పెట్టిస్తా.

ఇంకొకటి. ఏప్రిల్ 27 ఆయన పుట్టినరోజు. సెలవులు కాకపోయినా సాయంత్రం పోవచ్చు. త్యాగరాయ కాలేజీ స్టేషన్లో ఎక్కితే చాకలిపేట, మన్నడి, హైకోర్టు, నాలుగోది సెంట్రల్. మెట్లెక్కి పైకి వస్తే రిపన్ బిల్డింగు. పూలదండ ప్యారీస్ కార్నర్‌లో కొనకండి, ఆ రోజు ధర పెంచుతారు, ఇక్కడే మన మార్కెట్లో ముందురోజు చెప్పి కట్టిద్దాం. మీ క్లాసు పిల్లల్ని కూడా పిలవండి, ఏ భాష వాళ్లైనా సరే. గేటు దగ్గర ఎందుకొచ్చినారు అని అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు మీకు తెలుసు కదా. ఏదీ, ఒకసారి చెప్పు చూద్దాం చిన్నోడా, టిఫిన్ ఏ ఏడు మొదలైంది?